సీలకాంత్ బొమ్మ: పనితనానికి సరే, రంగుకు సున్నా

ముప్పై ఒక్క ఏళ్లు తిరుపతిలో ఒక కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో సీసాలు తుడిచి, చచ్చిన జీవుల్ని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందు మార్చి, చీటీలు అంటించి రిటైరైనవాణ్ని. చేప బొమ్మకు మార్కులు వేసే అర్హత నాకు ఆ మాత్రం ఉందనుకుంటాను.

ఏడో తరగతి చదివే మనవడు బడిలో సైన్స్ ప్రదర్శనకు కావాలంటే, ఎప్పుడో అంతరించిందనుకుంటే మళ్లీ దొరికిన సీలకాంత్ అనే సముద్రపు చేప బొమ్మను ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,450 రూపాయలు. కొర్లగుంటలోని మా ఇంటికి నాలుగో రోజున వచ్చింది. జానెడు పొడవు రెసిన్ బొమ్మ, కింద నల్లటి చెక్క పీట. తోక విరగకుండా దూది చుట్టి పంపారు. మా ఇంటావిడ చూడగానే నాగలాపురం స్వామి మత్స్యావతారం గుర్తొచ్చిందని కళ్లకద్దుకుంది. పక్కింటావిడ మాత్రం కొర్రమీనా అని అడిగింది.

కళ్లద్దాలు పెట్టుకుని వాజాలు, అంటే ఈతరెక్కలు, లెక్కపెట్టాను. వీపు మీద రెండు, రొమ్ము దగ్గర జత, పొట్ట కింద జత, వెనక ఒకటి, తోక. ఎనిమిదీ ఉన్నాయి. వీపు మీది మొదటిది విసనకర్రలా నేరుగా ఒంటి నుంచే లేవాలి. మిగతావాటికి, తోకను మినహాయిస్తే, కండ పట్టిన కాడ ఉండాలి. ఆ తేడా కూడా చూపించారు. తోక చివర మధ్యలో పిలకలాంటి చిన్న ముక్క ఉంటుంది, చాలా పుస్తకాల బొమ్మల్లో దాన్ని ఎగ్గొడతారు. ఇందులో ఉంది. పొలుసు మీద వేలు రాస్తే గరుకు తగులుతుంది. చేసినవాడు పనిమంతుడు.

రంగు వేసినవాడితోనే నా తగువు. బొమ్మంతా గోధుమ రంగు. డబ్బా మీద దక్షిణాఫ్రికా అని అచ్చు వేశారు. ఆఫ్రికా సీలకాంత్ బతికున్నప్పుడు ముదురు నీలం, ఒళ్లంతా తెల్ల మచ్చలు. చచ్చి, మందులో మునిగాక గోధుమ రంగుకు తిరుగుతుంది. మా సీసాల్లో ఎన్ని చేపలు అలా వన్నె పోగొట్టుకున్నాయో నాకు తెలుసు. అంటే వీళ్లు మ్యూజియం సీసా చూసి రంగు వేశారు, చేపను చూసి కాదు. ఇండోనేసియా అని రాసి ఉంటే నోరు మూసుకునేవాణ్ని. 1997లో అక్కడి మనాడో ఊరి చేపల సంతలో కనబడిన సీలకాంత్ రెండో జాతి నిజంగానే గోధుమ రంగుది.

రంగే కదా అనకండి. 1938 డిసెంబరు 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, ఆ ఊరి మ్యూజియం చూసుకునే మార్జరీ కోర్ట్‌నీ లాటిమర్ చేపల కుప్పలోకి తొంగి చూసినప్పుడు ఆవిడ కంట పడింది ఒక నీలి వాజమే. డైనోసార్లతో పాటే 6.6 కోట్ల ఏళ్ల కిందట పోయిందనుకున్న చేపల వంశం అది. ఆవిడకి 31 ఏళ్లు, చేప అయిదడుగులు, 57 కిలోలు. మ్యూజియానికి తీసుకెళ్దామంటే టాక్సీవాడు ఎక్కించుకోనని మొండికేశాడు. కుళ్లకుండా ఉంచుదామంటే శవాల గదిలో చోటివ్వలేదు. చివరికి ఫార్మలిన్‌లో తడిపిన వార్తాపత్రికలూ దుప్పటీ చుట్టింది. ఈ ముక్క చదివినప్పుడల్లా నా చేతులు దురద పెడతాయి. పైపైన చుడితే అంత పెద్ద చేపకు లోపలికి మందు దిగదు, పొట్టలోకి సూది వేయాలి. ఆవిడ దగ్గర అంత మందు ఎక్కడిది? లోపలి భాగాలు కుళ్లి పారేయాల్సి వచ్చింది, చర్మం మిగిలింది. దాన్ని చూసి జాతిని తేల్చిన స్మిత్ గారు రసాయన శాస్త్రం చెప్పే మాస్టారు కావడం నాకెంతో ఇష్టమైన సంగతి. అలాంటి చేప ఇంకొకటి కొమొరో దీవుల్లో దొరికేసరికి 1952 వచ్చింది.

డబ్బాలోని కరపత్రం గురించి ఒక్క మాట. సముద్రం అడుగున కాళ్లతో నడుస్తుందని రాశారు. 1987లో జర్మనీ పరిశోధకుడు హాన్స్ ఫ్రికే చిన్న జలాంతర్గామిలో దిగి చిత్రీకరించాడు. నడవడం లేదు. ఈదుతూనే, ఎడమ ముందు వాజంతో కుడి వెనకది కదుపుతుంది, అంతే. కరపత్రాన్ని చించేయబోతే ఇంటావిడ లాక్కుని చిల్లర పద్దు రాసుకోవడానికి పెట్టుకుంది.

మొత్తానికి ఐదుకు మూడు. వెనక్కి పంపలేదు. నీలం ఎనామిల్ చిన్న డబ్బా కొనుక్కొచ్చి నేనూ మనవడూ ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. మచ్చలకు వాడి వైట్‌నర్. ఏ రెండు చేపల మచ్చలూ ఒకలా ఉండవని, ఫ్రికే వాటిని బట్టే ఒక్కో చేపను గుర్తుపట్టేవాడని చెబితే, వాడు కుడి కంటి కింద మూడు చుక్కలు వరుసగా పెట్టి మనది ఇది తాతా అన్నాడు. రంగు చాలక తోక కొన ఇంకా గోధుమగానే ఉంది.