భుజం ఆపరేషన్‌కి తొడ పొరా, దాత చర్మమా? ఖర్చు లెక్క

రొటేటర్ కఫ్ టెండన్ (భుజం కండరాల్ని చేతి ఎముకకి కలిపే పట్టీ) మళ్లీ కుట్టలేనంతగా చిరిగి వెనక్కి లాక్కుపోతే, చేతి ఎముక తల పైకి జరిగిపోకుండా పైన ఒక గ్రాఫ్ట్, అంటే అతుకుగా వేసే కణజాలం ముక్క, వేసి బిగిస్తారు. ఈ పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చిన జపాన్ సర్జన్ తెరుహిసా మిహాతా వాడింది పేషెంట్ తొడలోంచే తీసిన ఫేషియా లాటా పొర. అమెరికాలో మాత్రం దాత చర్మం ఎక్కువ వాడతారు, అంటే చనిపోయినవాళ్లు దానమిచ్చిన చర్మంలోంచి కణాలు తీసేసి సిద్ధం చేసిన ముక్క.

తొడ పొరకి బిల్లులో రేటు ఉండదు. అలాగని ఫ్రీ ఏం కాదు, ఇంకో కోత, థియేటర్‌లో అదనపు సమయం, ఆ సమయానికి మత్తు ఖర్చు, పైగా కొన్నాళ్లు తొడ నొప్పి. (భుజం కోసం వెళ్లి కుంటుతూ రావడమంటే ఎవరికైనా చిరాకే.)

దాత చర్మంతో ఆ బాధ లేదు, కానీ ముక్క ఒక్కదానికే అమెరికాలో వేల డాలర్లు. కొన్ని ఇన్సూరెన్సులు ఇదంతా ఇంకా ప్రయోగదశే అని క్లెయిమ్ కొట్టేస్తాయి కూడా. ఇంత పెట్టి కొన్నా ఆ ముక్క మందం సాధారణంగా 3 మిల్లీమీటర్ల దగ్గరే. తొడ పొరని మడతపెట్టి 6 నుంచి 8 దాకా తెస్తారు, మందం పెరిగితే కీలు బాగా నిలబడుతుందని మృతదేహాల మీద చేసిన పరీక్షల్లో తేలింది.

గ్రాఫ్ట్‌ని ఎముకకి బిగించే చిన్న మేకుల్లాంటి యాంకర్ల ఖర్చు రెండింటికీ తప్పదు, అదీ చిన్నదేం కాదు. సొంత జేబులోంచి కట్టేవాళ్లయితే నా ఓటు తొడ పొరకే. ఏదైనా సరే, గ్రాఫ్ట్‌కి ఎంత, యాంకర్లకి ఎంత అని ఎస్టిమేట్‌లో విడివిడిగా రాయించుకోండి, ప్యాకేజీ అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి.