ఒక దవడ పన్ను, మూడు ప్రయాణాలు

పంటి నొప్పి ఉన్నప్పుడు రాత్రి బస్సు ఎక్కవద్దు. ఈ ప్రయాణాల గురించి ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు స్లీపర్ బస్సుకు టికెట్టు తీసుకున్నాను. కూర్చున్నంతసేపు ఓర్చుకోగలిగిన నొప్పి నడుం వాల్చగానే చెవి దాకా పాకింది. పంటి వేరు చుట్టూ ఉండేది ఎముక. అక్కడ వాపు వస్తే సాగడానికి చోటు ఉండదు. తల వాల్చితే ఆ భాగానికి రక్తం ఎక్కువగా చేరి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తెల్లవార్లూ లేచి కూర్చునే ఉన్నాను. తర్వాత రెండుసార్లూ పగటి రైలుకే వెళ్లాను. రెండు గంటలు ఎక్కువ పట్టినా సరే, కిటికీ పక్కన తల నిటారుగా పెట్టుకుని కూర్చోవడం ఎంతో నయం. ఇంకొక మాట. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా దూరప్రయాణం ఆలోచనే పెట్టుకోకూడదు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. నాకు ఆ లక్షణాలు లేవు కాబట్టే బయలుదేరగలిగాను.

నేను వెళ్లింది ఒక చిన్న పట్టణానికి. చూడదగ్గ స్థలాలంటూ అక్కడ ఏమీ లేవు. నగరంలో ఉంటూ పంటి వైద్యం కోసం చిన్న ఊరికి వెళ్లడమేమిటని ఇంట్లోవాళ్లే అడిగారు. అందుకు కారణం చెప్పాలంటే ఏడాది వెనక్కి వెళ్లాలి.

అప్పుడు నగరంలో ఒక పెద్ద దంత వైద్యశాలలో ఇదే పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నాను. పరికరాలకు లోటు లేదు, శుభ్రతకూ లోటు లేదు. కానీ మూడుసార్లు వెళ్తే ముగ్గురు డాక్టర్లు చూశారు. ప్రతిసారీ కథంతా మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చింది. మూడో డాక్టరు తాత్కాలికంగా సిమెంటు పెట్టి, క్యాప్ కొలతలకు ఫోన్ చేసి పిలుస్తామన్నారు. ఆ ఫోన్ రాలేదు. నేనే రెండుసార్లు చేస్తే, ఆ డాక్టరు మారిపోయారని, కొత్త తేదీ చెబుతామని అన్నారు. నొప్పి లేకపోవడంతో నేనూ ఊరుకున్నాను. అలా ఊరుకోకూడదని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలు ఆగడానికే తప్ప నెలల తరబడి ఉండడానికి కాదు. దాని అంచుల వెంబడి ఉమ్మి, ఉమ్మితోపాటు సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. పైగా నమిలే బరువంతా మోసే దవడ పన్నును లోపల తొలిచి, పైన క్యాప్ వేయకుండా వదిలేస్తే చీలిపోయే ప్రమాదం ఎక్కువ. నా పన్ను చీలలేదు కానీ, ఓ మూల విరిగింది. ఆ తర్వాత నొప్పి మొదలైంది.

ఆ పట్టణానికి బదిలీ మీద వెళ్లిన పాత సహోద్యోగి ఒకరు అక్కడి లేడీ డాక్టరుగారి గురించి చెప్పారు. ‘పదేళ్ల కిందట తాను పెట్టిన సిమెంటు ఎలా ఉందో ఇప్పటికీ నోరు తెరిపించి చూస్తారు’ అన్నారు. ఆ ఒక్క మాటతో బయలుదేరాను.

ముందు బస గురించి చెప్పాలి. మొదటిసారి బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగాను. మామూలు ప్రయాణికులకు అది చాలు. దుప్పట్లు ఉతికినవే, తలుపు గడియ గట్టిదే. పంటి రోగికి మాత్రం అది పనికిరాదు. వేడినీళ్లు పొద్దున రెండు గంటలే వస్తాయి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లు రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలంటే ప్రతిసారీ కిందికి వెళ్లి అడగాల్సిందే. తలగడ ఒక్కటే, అదీ పలచనిది. రాత్రంతా బస్సుల హారన్లు. రెండోసారి ఆసుపత్రికి ఐదు నిమిషాల నడక దూరంలో ఒక ఇంటి మేడమీద గది దొరికింది. డాక్టరుగారి సహాయకురాలే ఆ ఇల్లు చూపించారు. నీళ్లు కాచుకునే కెటిల్ ఉంది, అడగకుండానే రెండో తలగడ ఇచ్చారు. మంచుగడ్డలకు కింద వాళ్ల ఫ్రిజ్ వాడుకోమన్నారు. మెట్లు కాస్త నిటారుగా ఉండటం ఒక్కటే ఇబ్బంది. వైద్యం కోసం వెళ్లేవారు గది అందం చూడకుండా ఈ నాలుగూ చూసుకోవాలి: వేడినీళ్లు, తల ఎత్తులో ఉంచే తలగడలు, నిశ్శబ్దం, ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే దూరం. పెదవి మొద్దుబారి మాట ముద్దగా వస్తున్నప్పుడు ఆటో అతనికి దారి చెప్పడం ఎంత కష్టమో నాకు అనుభవమే.

ఆసుపత్రి చిన్నది. రెండు కుర్చీలు, ఒక డాక్టరు, ఒక సహాయకురాలు. రెండు కుర్చీల మధ్య తెర మాత్రమే ఉంది. ఆ పక్క చెప్పుకునేదంతా ఈ పక్కకు వినిపిస్తుంది. అది నాకు నచ్చలేదు. నోటి ఆరోగ్యమైనా నలుగురి చెవిన పడకుండా చెప్పుకునే వీలుండాలి. శుభ్రత విషయంలో మాత్రం వంక పెట్టలేను. పనిముట్లను ఆటోక్లేవులో ఒత్తిడితో కూడిన ఆవిరిలో 121 డిగ్రీల వేడిమీద శుద్ధి చేసి, మూసిన సంచుల్లో ఉంచుతారు. ఆ సంచిని నా కళ్లముందే చింపారు. వేడి తగిలిందని తెలిపే గుర్తు రంగు మారిందా లేదా అని సహాయకురాలు చూసి, నాకూ చూపించారు. ఎక్కడికి వెళ్లినా ఇది అడిగి చూడటం మన హక్కు. మంచి డాక్టర్లెవరూ అందుకు నొచ్చుకోరు.

మొదట ఎక్స్‌రే తీశారు. రెప్పపాటులో తెరమీద బొమ్మ వచ్చింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాక, మరుసటి ఏడాది మొదట్లోనే జర్మనీలో ఒట్టో వాల్‌కాఫ్ అనే దంత వైద్యుడు తన పళ్లనే ఎక్స్‌రే తీయించుకున్నాడు. అందుకోసం 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడట. ఈ సంగతి ఆ కుర్చీలో పడుకున్నప్పుడు గుర్తుకొచ్చింది. దంతవైద్య చరిత్రలో నన్ను కదిలించేది ఇదే. కొత్తదాన్ని ముందు తమమీదే ప్రయోగించుకున్నవాళ్లు అందులో ఉన్నారు. 1844లో హొరేస్ వెల్స్ అనే అమెరికా దంత వైద్యుడు మత్తునిచ్చే నైట్రస్ ఆక్సైడు వాయువు పీల్చి, తన దవడ పన్నునే పీకించుకుని నొప్పి తెలియలేదని నిరూపించాడు. ఇప్పుడు మనకు ఇచ్చే మత్తు సూదిలో తరచుగా ఉండే లిడోకెయిన్‌ను స్వీడన్‌లో 1943లో తయారుచేశారు. సూది పొడిచిన రెండు మూడు నిమిషాల్లో బుగ్గ మొద్దుబారుతుంటే, వాళ్లందరికీ మనసులోనే నమస్కరించాను.

డాక్టరుగారు బొమ్మ చూపిస్తూ అన్నారు: “ఇది మీకు ఆరేళ్ల వయసులో వచ్చిన పన్ను. పై దవడలో ఈ పన్నుకు వేళ్లు మూడే అయినా, చాలామందికి లోపల నాళాలు నాలుగుంటాయి. నాలుగోది వెంట్రుకంత సన్నగా, మొదటిదాని పక్కనే నక్కి ఉంటుంది. అదే శుభ్రం చేయకుండా మిగిలిపోయిందేమోనని నా అనుమానం. కానీ అనుమానంతో పన్ను తెరవను, పన్నును అన్ని వైపులనుంచీ చూపే కోన్ బీమ్ స్కాన్ తీయించుకుని రండి.”

ఆ స్కాన్ యంత్రం ఆ పట్టణంలో లేదు. మళ్లీ బస్సెక్కి గంటన్నర దూరంలో ఉన్న ఊరికి వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చాను. నొప్పితో ఉన్న మనిషికి అది చిన్న శ్రమ కాదు. చిన్న ఊరిలో వైద్యం అనుకునేవారు ఇలాంటి రోజొకటి లెక్కలో ఉంచుకోవాలి. స్కాన్‌లో నాలుగో నాళం కనిపించింది. పైగా అలాంటి సన్నని నాళాలు వెతికే నిపుణుడు మైక్రోస్కోపు తీసుకుని వారానికి ఒక్కరోజే వస్తారు. ఆ రోజు వచ్చేదాకా నొప్పికి మందులు రాసిచ్చి ఇంటికి పంపించారు. మొదటి ప్రయాణం అలా ముగిసింది. చేయాల్సిన పనంతా, ఒక్కోదానికి ఎంత అవుతుందో సహా, ఒక కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. నగరంలో నాకు ఎవరూ అలా రాసివ్వలేదు.

రెండో ప్రయాణంలో అసలు పని జరిగింది. పన్ను చుట్టూ పలచని రబ్బరు తెర బిగించారు. దాన్ని రబ్బర్ డ్యామ్ అంటారు. లోపల వాడే మందు గొంతులోకి జారకుండా, ఉమ్మి పంటిలోకి దిగకుండా అది కాపాడుతుంది. 1864 నుంచి వాడుకలో ఉన్న ఈ చిన్న ఉపాయాన్ని నగరంలో నాకు వాడలేదు. దీని గురించి ముందే అడగాలని నాకప్పుడు తెలియదు. పాత పూరకం తీసేటప్పుడు గులాబీరంగు ముక్కలు బయటికి వచ్చాయి. అది గట్టా పర్చా. మలయా ప్రాంతపు చెట్లనుంచి కారే పాలతో తయారవుతుంది. అట్లాంటిక్ సముద్రం అడుగున 1858లో వేసిన మొదటి టెలిగ్రాఫు తీగకు తడి తగలకుండా చుట్టిందీ దీన్నే. సముద్రపు నీళ్లకు లొంగని ఆ పదార్థమే నా పంటి వేరులోనూ ఉందంటే ఆశ్చర్యంగా, ఆనందంగా అనిపించింది. వేడికి మెత్తబడుతుంది కాబట్టే మళ్లీ తీయడం సాధ్యమైంది.

పని మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. క్షణంలో ఇన్వర్టరు అందుకుంది కానీ పన్ను తొలిచే పరికరానికి గాలి అందించే యంత్రం ఆగిపోయింది. మరో ఇరవై నిమిషాలు కుర్చీలోనే ఉండాల్సి వచ్చింది. డాక్టరుగారు కంగారుపడలేదు. దవడకు విశ్రాంతి ఇచ్చి, ఇంతవరకు ఏం చేశారో, ఇంకా ఏం మిగిలిందో చెప్పారు. నాలుగో నాళం దొరకగానే నిపుణుడు “దొరికింది” అని పైకే అన్నారు. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున సహాయకురాలు ఫోన్ చేసి నొప్పి ఎలా ఉందని అడిగారు. నేను కోరిందల్లా ఆ ఫోన్ పిలుపే. సాయంత్రం నడకకు వెళ్తే దారిలో డాక్టరుగారు ఎదురయ్యారు. అక్కడే నిలబడి మాట్లాడుతుండగా, ఆమె కట్టుడు పళ్లు చేసిచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, కింది వరుస చిగుళ్లకు ఒరుసుకుంటోందని చెప్పారు. “రేపు పొద్దున్నే రండి, సరిచేద్దాం” అన్నారామె. చేసిన పని ఎలా ఉందో వీధిలోనే తెలిసిపోయే ఊరది. అక్కడ డాక్టరు రోగినుంచి దాక్కోలేరు, రోగి డాక్టరునుంచి దాక్కోలేడు. చిన్న ఊరి వైద్యంలోని బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పన్ను ఒక్కరోజులో బాగయ్యేది కాదు. ఈ రోజు చేసిన పని ఎలా నిలిచిందో ఐదేళ్ల తర్వాత చూసే మనిషి కావాలి.

అలాగని అన్నింటికీ చిన్న ఊరే చాలదు. నరానికి ఆనుకుని అడ్డంగా పెరిగిన జ్ఞానదంతం, దవడ ఆపరేషన్లు, ఎముక నింపి ఇంప్లాంటు, అంటే ఊడిన పన్నుకు బదులు ఎముకలో బిగించే లోహపు వేరు, వేయడం లాంటివి అన్ని సదుపాయాలూ ఉన్న పెద్దచోట చేయించుకోవడమే మంచిది. నోట్లో పుండు రెండు మూడు వారాలకు మానకపోతే ఆలస్యం చేయకుండా నిపుణులకు చూపించుకోవాలి. ఇంప్లాంటు ఎక్కడ వేయించుకున్నా ప్రయాణాలు ఒకటితో అయిపోవని గుర్తుంచుకోవాలి. ఇంప్లాంటుకు వాడే టైటానియం లోహం ఎముకతో కలిసిపోతుందని 1950లలో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు స్వీడన్‌లో గమనించాడు. అలా కలిసిపోవడానికి సాధారణంగా మూడునుంచి ఆరు నెలలు పడుతుంది. పన్ను పీకించుకున్నవాళ్లు కూడా అదే రాత్రి తిరుగుప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. గుంతలో కట్టిన రక్తపు గడ్డ ఊడిపోతే, రెండు మూడు రోజుల తర్వాత ఎముక బయటపడి భరించలేని నొప్పి వస్తుంది. ఆ రోజుల్లో డాక్టరుకు అందుబాటులో ఉండాలి. పొగతాగడం, స్ట్రాతో పీల్చడం మానాలి.

క్యాప్ తయారుచేసే ల్యాబు ఆ ఊళ్లో లేదు. కొలతలు పార్శిల్లో వేరే నగరానికి వెళ్లి, క్యాప్ రావాల్సినదానికంటే వారం ఆలస్యంగా వచ్చింది. ముందే ఫోన్ చేసి ప్రయాణం వాయిదా వేసుకోమని చెప్పారు కాబట్టి సెలవు వృథా కాలేదు.

మూడో ప్రయాణంలో క్యాప్ పెట్టారు. నీలిరంగు కాగితం పళ్లమధ్య పెట్టి కొరకమన్నారు. “ఎత్తుగా ఉందా?” అని అడిగితే, కొద్దిగా అన్నాను. అరగదీశారు. మళ్లీ కొరికాను. ఇంకా ఏదో అడ్డు తగులుతున్నట్టు ఉంది కానీ, బయట ముగ్గురు ఎదురుచూస్తున్నారు కదా అని ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆమె నా ముఖం చూసి, “ఏమాత్రం తేడా ఉన్నా చెప్పండి. వెంట్రుకవాసి ఎత్తున్నా రాత్రికి దవడ నొప్పి పుడుతుంది” అన్నారు. ఐదోసారికి రెండువైపులా పళ్లు ఒకేసారి ఆనుకున్నాయి. ఏడాది తర్వాత మొదటిసారిగా నా నాలుకకు అక్కడ గుంత తగల్లేదు.

చిన్న అట్టమీద ఆరు నెలల తర్వాతి తేదీ, పక్కన 16 అనే అంకె రాసిచ్చారు. అంటే పై దవడలో కుడివైపు, ముందు పళ్ల మధ్యనుంచి లెక్కిస్తే ఆరో పన్ను. సామాను తీసుకోవడానికి వెళ్తే, మేడగది ఇచ్చిన ఇంటి పెద్దావిడ అట్టమీది తేదీ చూసి, గోడకున్న క్యాలెండర్లో ఆ పేజీ తిప్పి గుర్తు పెట్టుకున్నారు.

“ఆ రోజుకు గది ఎవరికీ ఇవ్వనులే అమ్మా” అన్నారు.