ఎప్‌సెట్ రాసి బయటికొచ్చిన పిల్లలకు ‘ర్యాంకు ప్యాకేజీ’ అమ్మేవాళ్లతో జాగ్రత్త

ఇంట్లో ఎంసెట్ రాసిన పిల్లలున్న వాళ్లు (పేరు ఎప్‌సెట్ అని మారినా మా ఇంట్లో అందరం ఎంసెట్ అనే అంటాం) దయచేసి ఇది చివరిదాకా చదవండి. మేం 5,900 రూపాయలు పోగొట్టుకున్నాం. ఇంకో 50 వేలు కూడా పోయేవే, కొద్దిలో తప్పింది.

మా తమ్ముడికి ఇంజినీరింగ్ పరీక్ష మధ్యాహ్నం సెషన్‌లో, 3 నుంచి 6 వరకు పడింది. తీసుకురావడానికి నేనే వెళ్లాను. గేటు తీయగానే పిల్లలంతా ఎదురుగా ఉన్న బజ్జీల బండి దగ్గర మూగారు. ‘నీకెన్ని అటెంప్ట్ అయ్యాయి? ఆ ఇంటిగ్రేషన్ లెక్కకు ఆన్సర్ ఎంత?’ అంటూ ఒకటే గోల. రఫ్ పేపర్లు లోపలే ఇచ్చేసి రావాలి కాబట్టి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అంతా జ్ఞాపకం మీదే. మావాడు పెన్ను అడిగి తీసుకుని అరచేతిలో నాలుగు జవాబులు రాసుకున్నాడు. పక్కబ్బాయి వాటిలో రెండు తప్పన్నాడు. అంతే, బజ్జీ తినకుండా పొట్లం నా చేతిలో పెట్టేశాడు. పొద్దున సెషన్ రాసిన స్నేహితుడు ఫోన్ చేసి ‘మాకు మ్యాథ్స్ చాలా ఈజీ’ అన్నాక బండెక్కి ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ గేటు దగ్గరే ఒకతను కరపత్రాలు పంచాడు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ఎన్ని కరెక్టో వేస్తే ర్యాంకు ఉచితంగా చెబుతామని. ఆ రాత్రి తమ్ముడు వేశాడు. 42 వేలు దాటుతుందని వచ్చింది. పది నిమిషాల్లో ఫోన్. చాలా మర్యాదగా, ‘అక్కా, కంగారు పడకండి. ఈ సెషన్ జవాబుల కీ మా దగ్గర రెడీగా ఉంది. లోపలి సమాచారం కూడా ఉంది. ప్యాకేజీ తీసుకుంటే అసలు ర్యాంకు, వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్ సైట్‌లో కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు వరసగా పెట్టుకోవడం) అన్నీ మేమే చూసుకుంటాం’ అన్నారు. తమ్ముడి మొహం చూసి ఫోన్‌పే చేసింది నేనే.

డబ్బు కట్టిన మర్నాడు 78 మార్కులు, ర్యాంకు 11 వేల లోపు అని చెప్పారు. కట్టకముందు 42, కట్టాక 11. ఆ సంతోషంలో ఈ తేడా మాకు తట్టనే లేదు.

వాళ్ల ఫారంలో ఏ రోజు, ఏ సెషన్ అన్న గడే లేదని తర్వాత గమనించాను. సెషన్‌కో పేపర్ ఉంటుంది కాబట్టి ఎంసెట్‌లో నార్మలైజేషన్ చేస్తారు. పేపర్ కష్టంగా వచ్చిన సెషన్ వాళ్లకు మార్కులు కాస్త పెరగొచ్చు, తేలికగా వచ్చిన వాళ్లకు తగ్గొచ్చు. సెషన్ అడగకుండా ర్యాంకు ఎలా చెబుతారు? ఆంధ్రాలో చదివే మా పిన్ని కూతురికి కూడా అదే లింకు వచ్చింది. అక్కడ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, మన తెలంగాణలో దాన్ని తీసేశారు. వాళ్ల ఫారం ఆమెను ఇంటర్ మార్కులూ అడగలేదు. రెండు రాష్ట్రాలకూ ఒకటే లెక్క!

అసలు బాధ ఏమిటంటే, పరీక్షలు ముగిసిన ఒకట్రెండు రోజుల్లోనే అధికారిక ప్రిలిమినరీ కీ, ఎవరి రెస్పాన్స్ షీట్ (పరీక్షలో వాళ్లు పెట్టిన జవాబుల పత్రం) వాళ్లకు వెబ్‌సైట్‌లో వచ్చేశాయి, పైసా ఖర్చు లేకుండా. పక్కపక్కన పెట్టుకుని 160 ప్రశ్నలూ దిద్దాం. 63 వచ్చాయి. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి కరెక్ట్ అయినవి లెక్కపెడితే చాలు, అరగంట పని. వాళ్లు మాకు అమ్మిన ‘కీ’ బజ్జీల బండి దగ్గర పిల్లలు చెప్పుకున్నలాంటి జవాబుల పోగే. మావాడు అరచేతిలో రాసుకున్న నాలుగూ కరెక్టే అయ్యాయి.

అసలు ర్యాంకు 24 వేలు దాటింది. ప్యాకేజీ వాళ్లను అడిగితే, ‘ఈ ర్యాంకుకు కన్వీనర్ కోటాలో (కౌన్సెలింగ్‌లో ర్యాంకు ప్రకారం ఇచ్చే సీట్లు) మంచి సీటు రాదు, బీ కేటగిరీలో (కాలేజీ యాజమాన్యం నింపుకునే సీట్లు) ఒకటే మిగిలింది, ఈ రోజే 50 వేలు అడ్వాన్స్ వేయండి’ అన్నారు. నాన్న చిట్టీ పాడేద్దామనేదాకా వచ్చారు. ప్రైవేటు కాలేజీల్లో కూడా 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలోనే నింపుతారు, కౌన్సెలింగ్ మొదలే కాలేదు, ఇప్పుడే సీటు లేదనడానికి వీళ్లెవరని అమ్మ అడ్డుపడింది. ఆ ఒక్క మాటతో ఆగాం.

కానీ ఆప్షన్ల దగ్గర దొరికిపోయాం. నేను ఊళ్లో లేనప్పుడు తమ్ముడితో లాగిన్ ఐడీ, ఓటీపీ చెప్పించుకుని ఆప్షన్లు వాళ్లే పెట్టేశారు. మొదటి విడతలో ఔటర్ రింగ్ రోడ్డు అవతల మేం పేరే వినని కాలేజీలో సీటొచ్చింది. ప్రింట్ తీసి చూస్తే అది ఆరో ఆప్షన్. పైన ఉన్న ఐదూ నిరుడు 5 వేల లోపు ర్యాంకులకే నిండిపోయిన బ్రాంచీలు. ఆప్షన్లు వరసలోనే చూస్తారు కదా, పై ఐదూ రావని తెలిసే ఆరోది అక్కడ పెట్టారు. ఆ కాలేజీ నుంచి వాళ్లకు కమీషన్ ఉందనే నా నమ్మకం. ఫోన్ చేస్తే నంబర్ బ్లాక్.

రెండో విడతకు మేమే కూర్చున్నాం. నిరుటి లాస్ట్ ర్యాంకుల పట్టిక (ఏ కాలేజీలో, ఏ బ్రాంచీలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వెళ్లిందో) కౌన్సెలింగ్ సైట్‌లోనే ఉచితంగా ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి, మా కేటగిరీ గడిలో 15 వేల నుంచి 40 వేల దాకా ఉన్నవన్నీ పసుపు స్కెచ్‌తో గీశాం. అందులోంచి వాడికి ఇష్టమైన వరసలో 64 ఆప్షన్లు. పంతొమ్మిదోది వచ్చింది, ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో. ఆ పాత సీటు దానంతటదే రద్దయింది. కౌన్సెలింగ్‌కు మేం కట్టాల్సిన ప్రాసెసింగ్ ఫీజు 1,200 మాత్రమే, ఎస్సీ, ఎస్టీలకు 600.

‘లోపలి సమాచారం’ అనే మాటకు మేం ఎందుకు పడిపోయామో కూడా చెప్పాలి. 2016లో మెడికల్ సీట్ల కోసం పెట్టిన ఎంసెట్-2 పేపర్ లీకై పరీక్ష రద్దయితే, మా పెద్దమ్మ కూతురు సెప్టెంబరులో ఎంసెట్-3 మళ్లీ రాసింది. అప్పటి నుంచి లోపల ఏదో జరుగుతుందనే భయం మా ఇంట్లో పోలేదు. వాళ్లు పట్టుకున్నది ఆ భయాన్నే.

పరీక్ష అయిన రోజు, కీ రాని ఆ రెండు రోజులు, ఎవరు ఏం అమ్మినా కొనకండి. పిల్లలు జవాబులు పోల్చుకుంటే పోల్చుకోనివ్వండి, ఆపలేం. ఆ లెక్క మీద మాత్రం డబ్బు పెట్టొద్దు. ఓటీపీ కన్నతండ్రి అడిగినా చెప్పకుండా, పక్కన కూర్చుని తామే కొట్టమని పిల్లలకు గట్టిగా చెప్పండి. ఇప్పటికే కట్టేసిన వాళ్లు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. నేను రెండింటికీ చేశాను, డబ్బు ఇంకా రాలేదు.

మేం గీసుకున్న పసుపు గీతల ప్రింట్ నా దగ్గరే ఉంది. ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్న వాళ్లు అడగండి, సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, కూర్చుని చూపిస్తాను.