రెండేళ్లు వాడిన ఓబీడీ స్కానర్: నా ఇంజిన్ విప్పకుండా ఆపిన ఫ్రీజ్ ఫ్రేమ్

ఓబీడీ స్కానర్ అంటే కారులోని ఓబీడీ పోర్టుకు తగిలించి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చూసే చిన్న పరికరం. కోడ్ చదవడం, చెరపడం ఏ చౌక బ్లూటూత్ స్కానరైనా చేస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఫ్రీజ్ ఫ్రేమ్ గురించే. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, ఇంజిన్ తిరిగే వేగం (ఆర్పీఎం), బండి స్పీడు ఎంతున్నాయో కారు కంప్యూటర్ దాచి ఉంచే పేజీ అది.

పోయిన వేసవిలో విజయనగరం నుంచి రాజాం వెళ్తుంటే చీపురుపల్లి దాటాక బండి ఆపినప్పుడు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఇంజిన్ ఒకటే వణుకు. కోడ్ పి0011. ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే వాల్వులను తెరిచే కడ్డీ) ఉండాల్సిన చోటుకన్నా ముందుకు జరిగిందని దాని అర్థం. రాజాంలో ఒక షెడ్డులో చూపిస్తే, క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసు పోయిందన్నారు: "టైమింగ్ చైన్ సాగిపోయింది బాబూ, ఇంజిన్ విప్పాల్సిందే." ముప్పై వేలు దాటుతుందట. టెన్షన్‌తోనే ఇంటికొచ్చాను.

రాత్రి ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి చూశాను. కూలెంట్ 96 డిగ్రీలు, స్పీడు సున్నా, ఆర్పీఎం 700. అంటే ఇంజిన్ వేడెక్కి, బండి ఆగి ఉన్నప్పుడు కోడ్ పడింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే కోడ్ చెరిపాను, ఎందుకంటే చెరిపితే ఈ వివరాలూ పోతాయి. మూడు రోజులు గమనించాను. పొద్దున్న చల్లటి ఇంజిన్‌తో రాలేదు. గరివిడిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మళ్లీ పడింది. చైనే సాగి ఉంటే చల్లగా ఉన్నప్పుడూ తేడా కనపడాలి కదా అనిపించింది. క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడే. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీత దగ్గరుంది, తారులా నల్లగా. మార్చాల్సిన గడువు దాటి ఐదు వేల కిలోమీటర్లు తిప్పేశాను.

విజయనగరంలో నాకు తెలిసిన మెకానిక్, క్యామ్‌ను జరిపే ఆ ఆయిల్‌ను అదుపు చేసే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ ఊడదీసి చేతిలో పెట్టాడు. జాలీ నిండా మడ్డి! దాన్ని కడిగి, మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాం. మూడు వేలలో పని అయిపోయింది. ఆ కోడ్ మళ్లీ రాలేదు. ఆ రోజు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

అయితే డిసెంబరులో పి0340 (క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం) పడినప్పుడు ఈ పేజీ నాకేమీ సాయపడలేదు. క్యామ్ సెన్సర్ పోయిందనుకుని కొత్తది కొన్నాను. తీరా చూస్తే కనెక్టర్‌లో పిన్ వదులైంది. స్కానర్‌ను పోర్టులోనే వదిలేయొచ్చని మొదట్లో స్నేహితులకు చెప్పేవాణ్ణి. సంక్రాంతికి పది రోజులు కారు కదపకపోతే బ్యాటరీ దిగిపోయింది. ఇప్పుడు వాడగానే తీసేస్తున్నాను.

నా కారుకు వారంటీ అయిపోయింది, అడిగితే విప్పి చూపించే మెకానిక్ ఉన్నాడు. అందుకే నాకు గిట్టుబాటైంది. వారంటీ ఉన్నవాళ్లు ముందు సర్వీస్ సెంటర్‌కే వెళ్లడం మంచిది. కాకపోతే వాళ్లు కోడ్ చెరిపేలోపే ఆ పేజీని ఫోటో తీసుకోండి.