ముందు ఏ వరుస చదవాలి: పాయింట్లా, షూటింగా, ప్లస్ మైనసా?

మ్యాచ్ ముగియగానే పిల్లలు నీళ్ల సీసాల వైపు వెళ్లరు, నేరుగా వచ్చి నా బల్ల చుట్టూ మూగుతారు. హన్మకొండలో మేము సాయంత్రాలు బాస్కెట్‌బాల్ ఆడించే కోర్టులో స్కోరు షీటు రాసేది నేనే. వాళ్ల చెమట చుక్కలు పడి పెన్సిలు గీతలు అలుక్కుపోకుండా ఒక చేత్తో కాగితాన్ని కప్పుకుని కూర్చుంటాను. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, నాకెన్ని?"

మొన్న ఒక అబ్బాయి 18 పాయింట్లు తెచ్చుకుని పొంగిపోయాడు. అతని పేరు పక్కన నేను గీసిన గీతలు లెక్కపెడితే 26 షాట్లు వేశాడు, పడినవి 7. మిగతా 4 పాయింట్లు ఫ్రీ త్రోల మీద, అంటే ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డు రాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్ల మీద వచ్చాయి. అదే జట్టులో మరొకడు 5 వేస్తే 4 పడ్డాయి. ఆ తరువాత బంతి వాడి చేతికి రానే లేదు. జట్టు 3 పాయింట్ల తేడాతో ఓడింది. ఇంటికి వెళ్తూ మొదటివాడు విజిల్ వేశాడు, రెండోవాడు తల వంచుకుని సైకిలెక్కాడు. నాకు ఆ రాత్రి మనసు మనసులో లేదు. తప్పు పిల్లలది కాదు, షీటులో ముందు ఏ వరుస చూడాలో చెప్పని మాది.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాళ్లు బస్తా ఎత్తు చూసి ధర కట్టరు. బస్తాలోకి చేయి పెట్టి పిడికెడు కాయలు బయటికి తీస్తారు, తేమ చూస్తారు, తాలు ఎంతుందో చూస్తారు. పాయింట్లు బస్తా ఎత్తు లాంటివి. తాలు లెక్క షాట్ల వరుసలో ఉంటుంది.

ఒకే ఆటగాడి రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెడితే ఇది కళ్లకు కడుతుంది. 2006 జనవరి 22న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, టొరంటో రాప్టర్స్ మీద లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ 81 పాయింట్లు చేశాడు. 46 షాట్లలో 28, అందులో దూరపు గీత బయటి నుంచి వేసే త్రీ పాయింటర్లు 13లో 7, ఫ్రీ త్రోలు 20లో 18. సగం ఆటకు 14 పాయింట్లు వెనకబడి ఉన్న లేకర్స్ 122-104తో గెలిచింది. రెండో సగంలోనే అతనివి 55. ఇక పదేళ్ల తరువాత, 2016 ఏప్రిల్ 13న యూటా జాజ్ మీద ఆడిన చివరి మ్యాచ్‌లో 60 చేశాడు. మనకది 14వ తేదీ ఉదయం. అంబేడ్కర్ జయంతి సెలవు కావడంతో కదలకుండా కూర్చుని చూశాను. నాలుగో క్వార్టర్‌లో ఒక్కడే 23 చేసి ఓడిపోయే ఆటను 101-96తో గెలిపిస్తుంటే కళ్లు చెమర్చాయి. అయినా షీటు షీటే: 50 షాట్లలో 22, త్రీలు 21లో 6, ఫ్రీ త్రోలు 12లో 10.

మొదటి మ్యాచ్‌లో రింగును తప్పినవి 18, రెండోదాంట్లో 28. ఆ ఏడాది లేకర్స్ 82 మ్యాచ్‌లలో గెలిచింది 17 మాత్రమే. ఆ రాత్రి వీడ్కోలు కోసమే ఆడారు కాబట్టి ఎన్ని తప్పినా ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. కానీ మన పిల్లలు రోజూ ఆడేది వీడ్కోలు మ్యాచ్ కాదు కదా.

త్రీలకు, ఫ్రీ త్రోలకు కూడా విలువ కట్టి ఒకే శాతంగా చెప్పే లెక్క ఒకటుంది, ట్రూ షూటింగ్ అంటారు. వేసిన షాట్లకు, ఫ్రీ త్రోలను 0.44తో గుణించి కలపాలి. దాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించాలి. ఫ్రీ త్రోలన్నీ జట్టు అవకాశాన్ని ఒక్కొక్కటిగా ఖర్చు చేయవు కాబట్టి ఆ 0.44. బాస్కెట్ పడ్డాక వచ్చే అదనపు త్రో ఇందుకు ఉదాహరణ. ఈ లెక్కన 81 పాయింట్ల మ్యాచ్ దాదాపు 74 శాతం, 60 పాయింట్లది 54. విల్ట్ చాంబర్లేన్ 1962 మార్చి 2న చేసిన 100 పాయింట్లకు, 63లో 36 షాట్లు, 32లో 28 ఫ్రీ త్రోలతో, 65 శాతం దాకా వస్తుంది. అప్పటికి ఎన్‌బీఏలో త్రీ పాయింట్ గీతే లేదు.

అయితే షూటింగ్ శాతమే దేవుడా అంటే కాదు. 2016 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో కప్పు ఎవరిదో తేల్చిన ఏడో మ్యాచ్ నా అభిప్రాయాన్ని సగం మార్చింది. మనకు జూన్ 20 సోమవారం, ఇంకా తెల్లవారుతున్న వేళ. గోల్డెన్ స్టేట్ తరఫున డ్రేమండ్ గ్రీన్ 15లో 11 షాట్లు, 8లో 6 త్రీలు, 4కు 4 ఫ్రీ త్రోలతో 32 పాయింట్లు చేశాడు. 15 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 9 అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు). ట్రూ షూటింగ్ 95 శాతం దాటింది. ఎదురుగా లెబ్రాన్ జేమ్స్ 24 షాట్లలో 9 వేసి 27 పాయింట్లు, 11 రీబౌండ్లు, 11 అసిస్టులు. ట్రూ షూటింగ్ 48 శాతం లోపే. గెలిచింది లెబ్రాన్ ఆడిన క్లీవ్‌లాండ్, 93-89తో.

స్కోరు 89-89 దగ్గర, రెండు నిమిషాల లోపు ఆట మిగిలి ఉండగా, వేగంగా వచ్చి గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఇగోడాలా వేసిన బంతిని లెబ్రాన్ వెనక నుంచి పరుగెత్తి బోర్డుకు కొట్టి ఆపాడు. షీటులో అది బ్లాకుల గడిలో ఒక గీత, అంతే. మొదటి క్వార్టర్‌లో పడినా అదే గీత. గీతకు సమయం తెలియదు.

అదే మ్యాచ్‌లో జట్ల వరుస చదివితే మరో సంగతి బయటపడుతుంది, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. గోల్డెన్ స్టేట్ 83లో 32 షాట్లు, 41లో 15 త్రీలు వేసింది. క్లీవ్‌లాండ్ 82లో 33, త్రీలు 25లో 6 మాత్రమే. షాట్ల మీద వచ్చిన పాయింట్లు కూడితే గోల్డెన్ స్టేట్‌వి 79, క్లీవ్‌లాండ్‌వి 72. అంటే షాట్ల మీద ఓడిన జట్టుకే కప్పు వచ్చింది! ఫ్రీ త్రోల గడిలో క్లీవ్‌లాండ్ 25లో 21, గోల్డెన్ స్టేట్ 13లో 10. ఏడు పోయి పదకొండు వచ్చాయి, నాలుగు మిగిలాయి. రోజూ 50 ఫ్రీ త్రోలు వేయమంటే విసుక్కునే పిల్లలకు ఈ కూడిక కాగితం మీద వేసి చూపిస్తాను.

ఇక ప్లస్ మైనస్. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంది, ఎన్ని పోగొట్టుకుంది అన్నదే లెక్క. షీటు రాసేవాళ్లకు ఒక మేలుంది: ఒక జట్టులో అందరి ప్లస్ మైనస్ కూడితే గెలుపు తేడాకు సరిగ్గా అయిదు రెట్లు రావాలి. 4తో గెలిస్తే 20. రాలేదంటే ఎక్కడో తప్పు రాశామన్న మాట. స్క్రీన్ నిలబెట్టే, అంటే తోటివాళ్లకు దారి దొరికేలా ఎదుటివాళ్లకు అడ్డుగా నిలబడే పిల్లను, ఎదుటివాళ్ల మంచి షూటర్‌ను అంటిపెట్టుకునే పిల్లను పట్టించుకునే వరుస ఇదొక్కటే, అందుకే దీని మీద నాకు గౌరవం. కానీ ఒక్క మ్యాచ్‌కు దీన్ని నమ్మను. మంచి ఆటగాళ్ల పక్కన అయిదు నిమిషాలు నిలబడినా ప్లస్ వచ్చేస్తుంది. నలుగురు అలసిపోయినప్పుడు దిగిన పాపానికి మైనస్ పడుతుంది. పన్నెండేళ్ల పిల్లకు "నీది మైనస్ 9" అని చెప్పడం నా దృష్టిలో తప్పు.

మూడింటిలో ముందు చదవాల్సింది షాట్ల వరుసే అంటాను: ఎన్నింటికి ఎన్ని. దాని పక్కనే ఫ్రీ త్రోలు, ఆ తరువాత రీబౌండ్లు, పోగొట్టిన బంతులు. పాయింట్లు చివర. గత వారం నుంచి మా షీటులో గడులను ఇదే వరుసలో గీస్తున్నాను. ప్లస్ మైనస్‌ను వేరే నోటు పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టుకుంటున్నాను, ముప్ఫై మ్యాచ్‌లు పోగయ్యాక తెరుస్తాను. సైకిలెక్కి వెళ్లిన ఆ అబ్బాయికి మాత్రం మరుసటి సాయంత్రమే షీటు చూపించాను. "అయిదుకు నాలుగు" అన్న గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఆ రోజు మ్యాచ్‌లో తొమ్మిది షాట్లు వేశాడు.