ఆకు బొమ్మ చూసి ప్లేట్లు కొనేవారికి హెచ్చరిక: మట్టిలో కలుస్తాయన్నవి అయిదు నెలలైనా కలవలేదు

శుభకార్యాలకు ప్లేట్లు, గ్లాసులు, చెత్త కవర్లు కొనబోతున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. ‘పర్యావరణ హితం’, ‘నూటికి నూరు శాతం మట్టిలో కలిసిపోతుంది’ అని పొట్లం మీద అచ్చువేసిన సరుకును మామూలు సరుకు కంటే చాలా ఎక్కువ ధరకు కొని, చివరకు ప్లాస్టిక్‌నే మా బావగారి కొబ్బరితోటలో నా చేతులతో నేనే పాతిపెట్టాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నది. పైగా ఆ తరువాత నేను వెళ్ళిన మరో మూడు దుకాణాల్లోనూ ఇటువంటి సరుకే ఇవే మాటలతో కనిపించింది కాబట్టి, పేరు కంటే గుర్తుపట్టే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

మాఘమాసంలో మా గృహప్రవేశం జరిగింది. సుమారు 500 మందికి భోజనాలు. అరటి ఆకుల్లో బంతి వడ్డన పెట్టాలని మా అమ్మ కోరిక, కానీ అంతమందిని కూర్చోబెట్టే చోటు లేక బఫే తప్పలేదు. నిలబడి తినేవారి చేతిలో ఆకు నిలవదు, ప్లేటు కావాలి. ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లు మాత్రం ఇంటి గుమ్మం తొక్కకూడదని ముందే అనుకున్నాం. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. కొందరు వ్యాపారులు వాటిని బయట పేర్చకుండా, అడిగినవారికి లోపలి గదిలోనుంచి తెచ్చి ఇస్తున్న సంగతి వేరు.

టోకు దుకాణం యజమాని మాకు మూడు రకాలు అంటగట్టారు. మొదటిది అరటి ఆకు రంగులో, ఈనెల గీతలు కూడా అచ్చువేసిన ప్లేటు; చెరకు పిప్పితో చేసినదని, పైన ఉన్న మెరుపు మొక్కజొన్న పిండి పూత అని చెప్పారు. రెండవది కాగితపు గ్లాసు. మూడవది ఎంగిలి ప్లేట్లు వేయడానికి పచ్చని చెత్త కవరు. దాని మీద ఆకు బొమ్మ, ‘ఐ యామ్ నాట్ ప్లాస్టిక్’ అన్న మాట ఉన్నాయి. మామూలు కాగితం ప్లేటు 4 రూపాయలైతే ఇది 7 రూపాయలు. ప్లేట్లు 600, గ్లాసులు 1,000, కవర్లు 5 కిలోలు, మొత్తం 7,200 రూపాయలు అయింది. “వాడేశాక గుంత తీసి పూడ్చేయండి సార్, మూడు నెలల్లో ఎరువైపోతుందండీ” అన్నారాయన. నాకు సందేహం వచ్చి ఋజువు అడిగితే, ప్లాస్టిక్ కాగితంలో భద్రపరిచిన ఒక ధ్రువపత్రం నకలు చూపించారు. అందులో ప్రభుత్వ ముద్రను చూశానే గానీ ఏ సరుకుకు, ఎవరికి ఇచ్చారో చదవలేదు. అది నా తప్పు. బిల్లు అడిగితే “జీఎస్టీ బిల్లయితే పన్ను అదనంగా పడుతుందండీ” అని ఎస్టిమేట్ చీటీ చేతిలో పెట్టారు. దానికీ ఒప్పుకున్నాను. అది నా రెండవ తప్పు.

భోజనాలయ్యాక ఎంగిలి ప్లేట్లు, గ్లాసులు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు ఆ పచ్చ కవర్లతో సహా ట్రాక్టరులో తోటకు తరలించి, పేడ, ఎండు ఆకులు పొరలుపొరలుగా వేసి, నీళ్ళు చల్లి గుంత పూడ్చాము. ఆషాఢంలో కొబ్బరి పాదులకు ఎరువు వేద్దామని తవ్వించాము. అన్నం, తొక్కలు, ఆకులు నల్లగా మాగి మంచి మట్టి వాసన వేస్తున్నాయి. ప్లేట్లలోని కాగితం కూడా చాలావరకు చివికిపోయింది. కానీ ప్రతి ప్లేటు నుంచీ ఆకుపచ్చని పలుచని పొర ఒకటి, ఈనెల గీతలు కూడా చెరగకుండా, పాము కుబుసం ఊడినట్టు ఊడి వచ్చింది. గ్లాసుల లోపలి పొర గ్లాసు ఆకారంలోనే మిగిలింది. కవర్లు మాత్రం పెళుసెక్కి, పట్టుకుంటే చిన్న చిన్న పెంకుల్లా రాలిపోయి ఎరువంతటా చెదిరిపోయాయి. మా బావగారు ఏమీ అనలేదు; పలుగు పక్కన పెట్టి ఆ పొరలను ఒక్కొక్కటిగా ఏరడం మొదలుపెట్టారు. మూడు బస్తాలు నిండాయి. రాలిపోయిన పెంకులను ఏరడం ఎవరి వల్లా కాలేదు కనుక ఆ ఎరువును పాదులకు వేయనే లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. నిజమైన కంపోస్టబుల్ ప్లాస్టిక్, అంటే కుళ్ళి ఎరువుగా మారేలా చేసిన ప్లాస్టిక్, కూడా పెరటి గుంతలో కరగకపోవచ్చు. దానికి వర్తించే ప్రమాణం ఐఎస్/ఐఎస్ఓ 17088. పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో, దాదాపు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండే చోట, 12 వారాల్లో అది ముక్కలై జల్లెడ దాటాలని, 180 రోజుల్లో అందులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలని ఆ ప్రమాణం ఉద్దేశం. మా పేడ గుంతకు అంత వేడి అన్నాళ్ళపాటు ఎక్కడిది? కాబట్టి కరగలేదన్న ఒక్క కారణంతోనే కవరు నకిలీదని తేల్చలేను. అయితే ‘గుంత తీసి పూడ్చేయండి, ఎరువైపోతుంది’ అని అమ్మడం మాత్రం ఎలా చూసినా అబద్ధమే.

అందుకే మిగిలిన సరుకును ఇంట్లో పరీక్షించాను. ఇది ఎవరైనా చేయగలిగినదే, కొనకముందు ఒక నమూనా తెచ్చుకుని చేస్తే ఇంకా మంచిది. ప్లేటును, గ్లాసును చింపి ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. పూత లేని కాగితమైనా, చెరకు పిప్పి అయినా, వేళ్ళతో నలిపితే గుజ్జు గుజ్జుగా విడిపోతుంది, ఇంకేమీ మిగలదు. పొర అంటించినదైతే గుజ్జంతా రాలిపోయి, వెలుతురుకు పడితే మెరిసే పలుచని రేకు చేతిలో మిగులుతుంది. ఆ రేకును శుభ్రంగా కడిగి, గాలి బుడగలు అంటుకోకుండా ఒక చుక్క సబ్బునీరు కలిపిన గిన్నెలో ముంచి వదలండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ అనే మామూలు ప్లాస్టిక్‌లు నీటి కంటే తేలిక, పైకి తేలతాయి. మొక్కజొన్న పిండి నుంచి తయారయ్యే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ నీటి కంటే బరువు, అడుగుకు దిగుతుంది. మా ప్లేటు పొర, గ్లాసు పొర రెండూ తేలాయి. కవరు ముక్క మునిగింది. అయితే మునిగినంత మాత్రాన కవరు మంచిదని అర్థం కాదు, ఎందుకంటే సుద్దపొడి దండిగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుతుంది. కవరు విషయంలో అక్షరాలు చదవడం తప్ప ఇంట్లో చేయగల నమ్మకమైన పరీక్ష లేదు. కాల్చి వాసన చూడమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

గ్లాసుల పొర గురించి ఇంకొక్క విషయం. వచ్చినవారందరికీ ఆ గ్లాసుల్లోనే వేడి వేడి కాఫీ పోశాము. వేడి నీరు 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో తేల్చింది ఇటువంటి పొర ఉన్న కాగితపు గ్లాసుల మీదనే. ‘కాగితమే కదా’ అనుకునే ధైర్యం నాకు అప్పటితో పోయింది. పక్కనే ఉన్న తమిళనాడు 2019 జనవరి 1 నుంచే ప్లాస్టిక్ పూత ఉన్న కాగితపు ప్లేట్లను, కప్పులను కూడా నిషేధంలో చేర్చింది.

ఇక కవరు మీద ఏం చదవాలి? మన దేశంలో కంపోస్టబుల్ ప్లాస్టిక్ సరుకు తయారుచేసేవారు దాన్ని అమ్మకానికి పెట్టకముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం పొందాలి. కవరు మీద తయారీదారు పేరు, ధ్రువపత్రం నంబరు, కంపోస్టబుల్ అన్న మాట ఉండాలి. మండలి వెబ్‌సైటులో ధ్రువపత్రం పొందిన తయారీదారుల జాబితా ఉంటుంది, అందులో ఆ పేరు వెతకవచ్చు. నేను కొన్న కవరు మీద ఆకు బొమ్మ తప్ప తయారీదారు పేరూ లేదు, నంబరూ లేదు. ‘బయోడిగ్రేడబుల్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘నాట్ ప్లాస్టిక్’ అన్నవి నంబరు లేకపోతే వట్టి మాటలే. తరువాత మళ్ళీ వెళ్ళి ఆ ధ్రువపత్రం నకలును పూర్తిగా చదివితే, అది వేరే రాష్ట్రంలోని ఒక సంస్థకు, కవర్లు చేసే ముడిగుళికలకు ఇచ్చినదని తెలిసింది. మా కవరుకు దానితో సంబంధమే లేదు. ఎవరైనా పత్రం చూపిస్తే ముద్రను కాదు, అందులోని పేరును, సరుకును చేతిలోని పొట్లంతో పోల్చి చూసుకోండి, వీలైతే ఫోనులో ఫోటో తీసుకోండి.

మరి ఏం కొనాలని అడిగేవారుంటారు. ఉత్తరాంధ్ర మన్యం నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్ళు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్ళు, పుల్లలతో కుట్టినవి అయినంతకాలం ఏ అనుమానమూ లేదు. అయితే ఇప్పుడు వాటిలోనూ మోసం చొరబడింది: పైన ఆకు, కింద అట్ట, నడుమ పాలిథిన్ పొర వేసి యంత్రంతో నొక్కిన ప్లేట్లు వస్తున్నాయి. తిరగేసి చూడండి, అంచు దగ్గర గోటితో గీరండి. పోకపట్టతో (వక్కచెట్టు మట్టతో) నొక్కిన ప్లేటులో పొర ఉండదు, కానీ తేమ తగిలినవి బూజు పడతాయి, కట్ట విప్పి మధ్యలోవి కూడా చూడాలి. (అమెరికాలో ఉన్న మనవారికి: పోకపట్ట పళ్ళేల నుంచి వక్కలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయన్న కారణంతో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో వాటి మీద అభ్యంతరం తెలిపింది, కొనేముందు విచారించుకోండి.) ఇవేవీ కాకపోతే స్టీలు పళ్ళేలు అద్దెకు తీసుకోవడం మేలు. మాకు కడిగే మనుషుల కూలితో కలిపి లెక్క వేయించి చూస్తే, ఈ 7,200 కంటే కొద్దిగానే ఎక్కువ అయ్యేది. ఆ లెక్క ముందే ఎందుకు వేయలేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫిర్యాదు సంగతి. పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. ‘పర్యావరణ హితం’, ‘సహజం’, ‘పచ్చదనం’ వంటి మాటలు వాడే వ్యాపారి వాటికి ఆధారం చూపాలి, ఏ మేరకు నిజమో స్పష్టంగా చెప్పాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు వెళ్ళాలి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు.

నేను 1915కు ఫోన్ చేసినప్పుడు మొట్టమొదట అడిగింది బిల్లు. నా దగ్గర ఉన్నది ఎస్టిమేట్ చీటీ; దాని మీద దుకాణం పేరు కూడా లేదు. అదృష్టం కొద్దీ డబ్బు ఫోన్ ద్వారా పంపాను, ఆ లావాదేవీ నంబరు, పొట్లాల ఫోటోలు, గుంత తవ్విననాటి ఫోటోలు జతచేసి ఫిర్యాదు నమోదు చేయగలిగాను. నగదు ఇచ్చి ఉంటే ఆ దుకాణంలో కొన్నానని చూపడానికే ఆధారం ఉండేది కాదు. దయచేసి 100 రూపాయలు ఎక్కువైనా పన్ను బిల్లు తీసుకోండి, అందులో సరుకు పేరు ‘ప్లేట్లు’ అని కాక పొట్లం మీద ఉన్న మాటలతో సహా రాయించుకోండి. ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక కవరు వాడకుండా దాచి ఉంచండి.

పోయిన వారం యజమాని ఫోన్ చేశారు. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని, “పాత స్టాకు కంపెనీవాడు మోసం చేశాడండీ, ఇప్పుడొచ్చింది ఒరిజినల్” అంటూ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే బదులు సరుకు ఇస్తానని చెప్పి, మాట పూర్తయ్యేలోగా మనిషిచేత ఒక నమూనా పొట్లం ఇంటికి పంపించారు. పొట్లం మీద బొమ్మ మారింది, ఇప్పుడు ఒక ఆకు బదులు మూడు ఆకులున్నాయి. ఆ రాత్రే ఒక ప్లేటు చింపి గిన్నెలో నానబెట్టాను. తెల్లవారేసరికి కాగితం అడుగున ఉంది, పచ్చని పొర నీటి మీద తేలుతున్నది. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.