గ్రఫానాలో మెట్రిక్స్, లాగ్స్: మూడేళ్లు వాడాక

విజయనగరంలో ఇంటి నుంచే పని చేస్తాను. ఆన్‌కాల్ వారం (ఏ వేళ సమస్య వచ్చినా నేనే చూడాల్సిన వారం) వస్తే రోజంతా నా ముందుండేది గ్రఫానానే, అంటే సర్వీసుల పరిస్థితిని గ్రాఫ్‌లుగా చూపించే టూల్. అది చూపించే మెట్రిక్స్ (ఎర్రర్ల సంఖ్య లాంటి అంకెలు) ప్రొమీథియస్‌లో, లాగ్స్ (సర్వీసులు రాసుకునే లైన్లు) లోకీలో పెట్టుకున్నాం. మూడేళ్లయింది, వేరేదానికి మారాలని మాత్రం అనిపించలేదు.

ఎందుకో చెప్తాను. పోయినేడు సిరిమాను రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో ఉండగా ఫోన్‌కి అలర్ట్ వచ్చింది, పేమెంట్ సర్వీసులో ఎర్రర్లని. ఆ జనంలోంచి బయటపడి ఇంటికి చేరేసరికి ముప్పావుగంట పట్టింది, దారంతా టెన్షనే. గ్రఫానాలో క్వెరీలు రాసి చూసుకునే ఎక్స్‌ప్లోర్ పేజీ తెరిచి ఎడమవైపు ఎర్రర్ల రేటు, కుడివైపు అదే సర్వీసు లాగ్స్ పెట్టి, రెండింటి టైమూ కలిపేశాను. గ్రాఫ్ లేచిన చోట మౌస్‌తో గీయగానే లాగ్స్ కూడా ఆ నాలుగు నిమిషాలకే వచ్చేశాయి. అందులో టైమౌట్ అన్న మాటున్న లైన్లు మాత్రమే ఉంచితే అన్నింటిదీ ఒకటే గోల, డేటాబేస్ కనెక్షన్ దొరకలేదని. కనెక్షన్ల పూల్ నిండిపోయింది, అంటే ఉన్న కనెక్షన్లన్నీ వాడకంలో ఉన్నాయి, అంతే. పది నిమిషాల్లో తేలింది. ఇదివరకైతే ఒక్కో సర్వర్‌లోకి లాగిన్ అయి గ్రెప్ కమాండ్‌తో లాగ్స్ వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం.

ప్రోమ్‌క్యూఎల్, అంటే ప్రొమీథియస్‌ని డేటా అడిగే భాష, మొదట్లో చాలా ఇబ్బంది పెడుతుంది. అందులో కౌంటర్ అనే రకం మెట్రిక్ కరెంటు మీటరు రీడింగ్ లాంటిది, పెరుగుతూనే ఉంటుంది, మనకి కావాల్సింది ఎంత వేగంగా తిరుగుతోందన్నది. అందుకే రేట్ ఫంక్షన్. దానికి కనీసం రెండు రీడింగులు ఉండాలి కాబట్టి నిమిషానికోసారి డేటా తెచ్చుకుంటూ ఒక్క నిమిషానికే రేట్ అడిగితే గ్రాఫ్ ఖాళీగా వస్తుంది. నేను దీని మీద ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఐదు నిమిషాల కంటే తగ్గించను.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. మా 99వ పర్సంటైల్ గ్రాఫ్ (నూటికి 99 రిక్వెస్టులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో చూపేది) సరిగ్గా పది సెకన్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయేది. లాగ్స్‌లో చూస్తే రిక్వెస్టులు ముప్పై సెకన్లు తీసుకుంటున్నాయి! పట్టిన సమయాన్ని బట్టి రిక్వెస్టుల్ని బకెట్లలో లెక్కపెట్టే హిస్టోగ్రామ్‌లో మా పెద్ద బకెట్ పది సెకన్లే, అది దాటినవన్నీ పదిగానే కనబడతాయి. బకెట్లు పెంచాకే నిజం బయటపడింది.

లోకీ లైన్లోని మాటల్ని ఇండెక్స్ చెయ్యదు (వెతకడానికి సూచికలో పెట్టదు), లాగ్స్‌కి తగిలించే లేబుల్స్‌ని మాత్రమే చేస్తుంది. ఖర్చు తగ్గేది అక్కడే, మేం దెబ్బతిన్నదీ అక్కడే. ఆర్డర్ నంబర్‌ని లేబుల్‌గా పెట్టాం. ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో స్ట్రీమ్ (విడిగా దాచే లాగ్స్ వరుస) తయారై క్వెరీలు నత్తనడక నడిచాయి. ఆ నంబర్‌ని లైన్లోనే వదిలేసి, క్వెరీలో జేసన్ పార్సర్‌తో (లైన్‌ని విడదీసి విలువలు ఇచ్చేది) తీసుకోవడం మొదలుపెట్టాక దారిలో పడింది. సర్వీసు పేరు, ఎన్విరాన్‌మెంట్, ఇలాంటివి నాలుగైదు లేబుల్స్ చాలు.

ప్రొమీథియస్ మామూలుగా 15 రోజుల డేటానే ఉంచుతుంది. పోయిన నెలతో పోలుద్దామనుకున్న రోజున గానీ మాకా సంగతి తెలియలేదు. ఇప్పుడు 90 రోజులు పెట్టాం, డిస్క్ ఇంకా సగం ఖాళీగానే ఉంది.